ఆదివారం పొద్దున పిల్లలతో చెరువు కట్ట మీద ప్రకృతి బడి: ఎలా మొదలుపెట్టాలి?

ఇందుకూరుపేట మాస్టారు:
మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట మండలం. మూడు నుంచి ఏడో తరగతి దాకా చదివే పిల్లలు 24 మంది ఉన్నారు. సంక్రాంతి సెలవులయ్యాక మొదలుపెట్టి మార్చి రెండో వారం దాకా, ప్రతి ఆదివారం పొద్దున్నే బయటికి తీసుకెళ్ళి చెట్టూ పుట్టా, పురుగూ పిట్టా చూపించాలని ఉంది. ఇద్దరు టీచర్లం, డిగ్రీ చదివే కుర్రాళ్ళు ముగ్గురు. ఖర్చు మూడు వేలు దాటకూడదు. ఊరి చెరువు నడిచి వెళ్ళేంత దూరం, మైపాడు సముద్రమూ దగ్గరే. మొదటి వారమే బస్సు మాట్లాడి నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్తే పిల్లలకు ఊపొస్తుందని ఒకాయన సలహా. ఏది ముందు? ఏం చేయించాలి?

చెరువుగట్టు:
నేలపట్టు ఇప్పుడే వద్దు మాస్టారూ. బస్సు బాడుగకే మీ మూడు వేలు చాలవు. పైగా చూడటం అలవాటు కాని పిల్లలకు అక్కడ దూరంగా తెల్ల చుక్కలు కనిపిస్తాయంతే, పావుగంటకే చిరుతిళ్ళ సంచి విప్పుతారు. గూడబాతులు (పెలికాన్లు) ఈశాన్య రుతుపవనాల వానలతో వచ్చి, నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు పెడతాయి. ఎండలు ముదిరేకొద్దీ వెళ్ళిపోతాయి. కాబట్టి ఫిబ్రవరి రెండు, మూడు వారాల్లో పెట్టుకోండి, బాడుగ చందాగా వస్తేనే. 2022 నుంచి నేలపట్టు తిరుపతి జిల్లాలో ఉంది. ముందస్తు ఉత్తరం సూళ్ళూరుపేటలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగానికి రాయండి.

మిగతా వారాలన్నీ ఊరి చెరువే, అదీ ఒకే తావు. వారానికో చోటు మారిస్తే ప్రతిసారీ విహారయాత్రే అవుతుంది. ఒకే చోటికి వెళ్తే నీళ్ళు ఎంత వెనక్కి పోయాయో, ఏ పిట్ట రావడం మానేసిందో పిల్లలే పట్టేస్తారు.

ఆరున్నరకు బయలుదేరి ఎనిమిదిన్నరకల్లా వెనక్కి రండి. నడక రానూపోనూ రెండు కిలోమీటర్లు మించకూడదు. ఆరుగురికి ఒక పెద్ద చొప్పున నాలుగు జట్లు. ఐదో మనిషికి జట్టు అప్పగించకండి: ఫోను, మందుల పెట్టె పట్టుకుని అందరికంటే వెనక నడవాలి. పిల్లలకు 1 నుంచి 24 దాకా నంబర్లివ్వండి, తావు మారిన ప్రతిసారీ వరసగా అరవమనండి. తలలు లెక్కపెడితే ఒకణ్ణి రెండుసార్లు లెక్కేస్తాం. నంబరు పలకకపోతే ఎవరు లేరో వెంటనే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, చెరువులో మట్టి తవ్విన గుంతలు. నీళ్ళు నిండాక పైకి కనపడవు. మోకాలి లోతులో నడుస్తుండగానే రెండు నిలువుల లోతు తగులుతుంది. తూము దగ్గర రాళ్ళేమో పాచి పట్టి జారతాయి. పిల్లలెవరూ నీళ్ళలో దిగకూడదు, పాదం తడవడానికి కూడా. అయినా ఎవరైనా జారిపడితే విసరడానికి కట్ట మీద 15 మీటర్ల తాడు, చివర ఐదు లీటర్ల నూనె క్యాను ఉండాలి. క్యానులో ఒక గ్లాసు నీళ్ళు పోసి మూత బిగించండి. ఖాళీది విసిరితే గాలికి పక్కకు కొట్టుకుపోతుంది.

తూనీగ:
చేయించే పనుల సంగతి నేను చెబుతాను. రెండు చాలు, ప్రతి వారం అవే.

మొదటిది టబ్బు. 70 సెంటీమీటర్ల ఇనప తీగను గుండ్రంగా వంచి, దోమతెర గుడ్డ సంచిలా కుట్టి, మీటరు కర్రకు కట్టండి. పెద్దవాళ్ళలో ఒకరు గట్టు మీది నుంచే ఒడ్డున ఉన్న నాచులో రెండు మూడుసార్లు ఈడ్చి, తెల్ల ప్లాస్టిక్ టబ్బులో రెండంగుళాల నీళ్ళు పోసి అందులో దులపాలి. నీళ్ళు ఎక్కువైతే పురుగులు కనపడవు. రంగు టబ్బయితే అసలే కనపడవు. మూడు నిమిషాలు కదపకుండా ఉంచితే మట్టి దిగుతుంది, అప్పుడు తూనీగ పిల్లలు బయటపడతాయి. చెంచాతో మెల్లగా తాకి చూడమనండి: వెనక నుంచి నీళ్ళు చిమ్ముతూ ఒక్క గెంతులో ముందుకు దూసుకుపోతుంది. వెల్లకిలా ఈదే పురుగునూ, నీటితేలునూ చేత్తో పట్టనివ్వకండి, కుడతాయి. టబ్బు నీడలో పెట్టండి. 20 నిమిషాల్లో పట్టిన చోటే వదిలేయండి. నీళ్ళు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి చచ్చిపోతాయి.

రెండోది చదరం: మీటరు పొడవు, మీటరు వెడల్పు నేలను పురికొసతో చుట్టి, అందులో ఉన్నవి చూడటం. నాలుగు మేకులు, ఐదు మీటర్ల పురికొస: నాలుగు మీటర్లు నాలుగు వైపులకు, ఒకటి ముడులకు. ముగ్గురికొకటి, ఎనిమిది చదరాలు. ఎప్పుడూ అదే నేల, మేకులు పీకినా గుర్తుకు రాయి ఉంచండి. “కనిపించింది రాయండి” అంటే పక్కవాడిది చూసి ఎక్కిస్తారు. “ఎన్ని రకాల ఆకులు? చీమలు ఏ దిక్కుకు పోతున్నాయి? బొరియలెన్ని?” అని అంకె వచ్చేలా అడగండి.

బైనాక్యులర్ కొనకండి. 24 మందికి ఒకటంటే కొట్లాటే. భూతద్దాలు ఎనిమిది తీసుకోండి, డబ్బు పెట్టాల్సింది అక్కడే. పిట్టల్లో ముందు నాలుగే నేర్పండి: నీటికాకి, లకుముకి, పాలపిట్ట, తీతువు. నీటికాకి మునిగి లేచాక రెక్కలు చాచి ఎండలో ఎందుకు కూర్చుంటుందో వాళ్ళనే చెప్పనివ్వండి.

చిల్లకంప:
పై ఇద్దరూ చెప్పనివి కొన్ని. హవాయి చెప్పులతో ఎవరినీ రానివ్వద్దు. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరులోంచి పాదంలోకి దిగి లోపల విరుగుతుంది. దానికి పట్కారు వేరేగా ఉంచుకోండి. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. గురివింద గింజలు ఎర్రగా ముద్దొస్తాయని జేబులో వేసుకుంటారు, నమిలితే ప్రాణానికే ముప్పు. ఆముదం గింజలూ అంతే. ఇంటికి బయలుదేరేముందు జేబులు ఖాళీ చేయించండి.

పాము కనిపిస్తే ఆగిపోవడం, వెనక్కి నడవడం, అంతే. కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, పసరు మందు వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరా పెట్టి, 108కి ఫోను చేయండి. విరుగుడు సూదిమందు మీ దగ్గరి ఆసుపత్రిలో ఉందో, నెల్లూరు పెద్దాసుపత్రికే పోవాలో మొదటి ఆదివారానికి ముందే కనుక్కుని పెట్టుకోండి. మనిషికో లీటరు నీళ్ళు, జట్టుకు రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు.

ఇందుకూరుపేట మాస్టారు:
చాలా మేలు చేశారు. మరి మైపాడు మాటేంటి? పిల్లలు ఊరుకోరు.

చెరువుగట్టు:
ఒక్క ఆదివారం, పాటు వేళ (సముద్రం వెనక్కి తీసే సమయం) చూసుకుని వెళ్ళండి. తడి ఇసుక మొదలయ్యే చోట తాడు పరిచి, రెండు చివర్లా పెద్దవాళ్ళు నిలబడాలి. దాన్ని దాటితే ఆ పిల్లవాడి జట్టు మొత్తం వెనక్కి. చూడాల్సినవన్నీ తాడుకు ఇవతలే ఉంటాయి: ఎండ్రకాయల బొరియలు, ఇసుక దిబ్బను పట్టి ఉంచే బాలబంది తీగ. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఇసుకలో ఈడ్చుకుంటూ పోయినట్టు వెడల్పాటి చార కనిపిస్తే చుట్టూ తిరిగి చూడండి, తవ్వొద్దు. గుడ్లు ముట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.