అప్‌డేట్: నాన్నతో నల్లమల నడక పూర్తయింది

మోకాళ్ల నొప్పులున్న మా నాన్న ఉగాదికి వెంకటాపురం నుంచి అడవిదారిన శ్రీశైలం నడుస్తానంటున్నారు, పంపాలా వద్దా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం, నేనూ తోడు వెళ్లాను.

ఎక్కడమే కష్టమనుకుని టెన్షన్ పడ్డాను గానీ నాగలూటి, పెచ్చెర్వు దాటాక భీముని కొలను లోయలోకి దిగడమే అసలు పరీక్ష. మీలో ఒకరు చెప్పినట్టు చేతికర్ర ముందు మెట్టు మీద ఆనించి, పక్కకి తిరిగి ఒక్కో మెట్టే దిగారు, మోకాలికి చాలా తేడా తెలిసిందట. అక్కణ్నుంచి కైలాస ద్వారం వరకు నిలువు మెట్లు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని నాన్న ఆగిన ప్రతిచోటా చెప్పారు, అది ఆయాసం దాచుకోడానికేనని నా అనుమానం.

దారంతా కర్ణాటక భక్తులే, వందల కిలోమీటర్ల నుంచి వస్తున్నవాళ్లు, కొందరైతే కొయ్యకాళ్ల మీద! ఓ పెద్దావిడ నాన్న చెప్పులు విప్పించి, మడమ బొబ్బకి సూదీ దారం గుచ్చి నీరు తీసి, దారం అందులోనే వదిలేసింది. అలా వదిలితే చీము పడుతుందని నేను తర్వాత తీసేసి, మందు రాసి కట్టు కట్టాను.

అన్నట్టు, కొత్త బూట్లు వద్దన్నవాళ్లకి థాంక్స్. డాక్టర్ ప్రస్తుతం రెస్ట్ అన్నారు, ఈయనేమో అహోబిలం దారి ఎలా ఉంటుందో కనుక్కోమంటున్నారు. తెలిసినవాళ్లుంటే చెప్పండి.