ముఫాసాకి మహేష్ గొంతు: పిల్లల సినిమాకి హీరో వాయిస్ అవసరమా?

కోనసీమ కాకి:
మొన్న సెలవుల్లో ‘ముఫాసా: ద లయన్ కింగ్’ ఇంట్లో మళ్లీ పెట్టాం. 2024 డిసెంబర్‌లో రిలీజైనప్పుడు థియేటర్లోనే చూశాం కానీ, దాన్ని చూడటం అనలేను. వరదకి కొట్టుకొచ్చిన పిల్ల ముఫాసాని రాజుగారి కొడుకు టాకా మొసళ్ల నోటి నుంచి తప్పించే సీన్లో మా ఆరేళ్లవాడు నా చెయ్యి వదల్లేదు. కాసేపటికి ఆ పిల్ల పెద్దదై మహేష్‌బాబు గొంతుతో మాట్లాడగానే హాలంతా ఈలలు, కాగితాలు. మావాడు నా చొక్కా లాగి “నాన్నా, ఏమన్నాడు?” అని అడిగాడు. నాకూ వినపడలేదు.
2019లో వచ్చిన ‘ద లయన్ కింగ్’లో ఇదే పాత్రకి పి. రవిశంకర్ చెప్పారు. అదీ సింహం గొంతంటే. ఆయన్ని మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది?

బెజవాడ బాబు భక్తుడు:
అన్నా, 2019లో ముఫాసా ఒక కొడుక్కి తండ్రి, రాజు. ఇక్కడ ఊరూ పేరూ లేని కుర్రాడు. కుర్రాడికి రవిశంకర్ గారి గొంతు పెడితే ‘అరుంధతి’లో పశుపతి గుర్తొచ్చి మీవాడు రాత్రి పక్క తడిపేవాడు. ఇంగ్లిష్‌లోనూ మార్చారుగా. 1994లో, 2019లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ చెప్తే ఇందులో ఆరన్ పియర్ చెప్పాడు. దాని మీద చర్చ పెట్టరేం?

నల్లగొండ నాగన్న:
ముందు ఒకటి తేల్చండి. ఇది సీక్వెలా, ప్రీక్వెలా?

బెజవాడ బాబు భక్తుడు:
ప్రీక్వెల్. ముందు జరిగిన కథ.

నల్లగొండ నాగన్న:
రఫీకి అనే కోతి ఆ కథ చెప్పేది ముఫాసా కొడుకు సింబా కూతురు కియారాకి. కూతురు పుట్టింది 2019 కథ అయిపోయాకే కదా. అప్పుడు సీక్వెల్ అవుతుంది.

మైకు ముందు:
నేను డబ్బింగ్ ఆర్టిస్టుని, ఇరవై ఏళ్లు దాటింది. ఈలల సంగతి నాకొద్దు, పని గురించి చెప్తాను. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ఆగుతుంది. ఇంగ్లిష్ మాట చాలాసార్లు హల్లు మీద టక్కున ఆగిపోతుంది. అక్కడ తెరమీద నోరు మూసుకుంటుంది, మనకి ‘వచ్చాడు’లో ‘డు’ ఇంకా మిగిలే ఉంటుంది. ప, బ, మ వచ్చిన చోట పెదాలు కలవాలి. ఆ ‘డు’ని ఎక్కడ దాచాలో తెలియడానికి నాకు అయిదేళ్లు పట్టింది. ఒక బొమ్మల సినిమాలో పెద్ద పాత్ర మొత్తం ముందు నాతో చెప్పించారు. తర్వాత పేరున్న ఒకావిడ నా ట్రాక్ హెడ్‌ఫోన్‌లో వింటూ అదే విరుపుతో చెప్పింది. నాకు సగం డబ్బులొచ్చాయి. పేరు మాత్రం ఎక్కడా పడలేదు.

బెజవాడ బాబు భక్తుడు:
మేడమ్, మీకు జరిగింది అన్యాయమే. కానీ అది ఈ సినిమాలో జరగలేదు కదా. అయినా సింహానికి పెదాలెక్కడివండీ?

మైకు ముందు:
నోరుందిగా బాబూ. తెరిస్తే తెరిచినట్టు, మూస్తే మూసినట్టు కనపడుతుంది.

గుంటూరు ఘాటు:
నిజం సింహాల్లాగే ఉన్నాయి, దీన్ని బొమ్మల సినిమా అనడమే తప్పు.

నల్లగొండ నాగన్న:
అంతా కంప్యూటర్లో చేసిందే. 2019 దాంట్లో కెమెరాతో తీసిన షాట్ ఒక్కటే, మొదట్లో వచ్చే సూర్యోదయం. దర్శకుడే చెప్పాడు. ఇది సీక్వెల్ అని ఒప్పుకున్నట్టేనా?

బెజవాడ బాబు భక్తుడు:
కాకి అన్నా, ఒక్క మాట అడుగుతా. నవ్వించే జంటలో టిమోన్‌కి అలీ, పుంబాకి బ్రహ్మానందం గారు, రెండు సినిమాల్లోనూ వాళ్లే చెప్పారు. వాళ్లు పేరున్నవాళ్లు కారా? అక్కడ మీవాడు నవ్వాడా, లేదా?

కోనసీమ కాకి:
నవ్వాడు. కామెడీ వేరు.

బెజవాడ బాబు భక్తుడు:
ఎలా వేరు? బ్రహ్మానందం గారైతే ముద్దు, మా హీరో అయితే చేదా? మీ బాధ గొంతు గురించి కాదు, మహేష్ గురించి. సూటిగా చెప్పండి.

కోనసీమ కాకి:
నోరు జాగ్రత్త. మీ హీరో సినిమాలు టికెట్ కొని చూసినవాణ్ణే. ఆరేళ్ల పిల్లాడు పక్కనున్నప్పుడు కాగితాలు చల్లేవాళ్లు నాకు నేర్పక్కర్లేదు.

డాలస్ పిన్ని:
కొట్టుకోకండి. మాకిక్కడ హాల్లో ఇంగ్లిషే దొరికింది. ఇంట్లో తెలుగు ట్రాక్ పెడితే మా అమ్మాయి పది నిమిషాల్లో రిమోట్ లాక్కుంది. మీకు ఈలలైనా ఉన్నాయి.

బెజవాడ బాబు భక్తుడు:
అన్నా, మీరు ఇంట్లో ఏ భాషలో పెట్టారు?

కోనసీమ కాకి:
తెలుగులోనే మొదలుపెట్టాం.

బెజవాడ బాబు భక్తుడు:
తర్వాత?

కోనసీమ కాకి:
సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. “రాజుగారి వారసుడు టాకారా, ముఫాసా కాదు” అని నేను చెప్తుంటే “వారసుడు అంటే ఏంటి?” అన్నాడు. చెప్పాను. ఇంకో రెండు మాటలకి ఆపాడు. తర్వాత “ఇంగ్లిష్‌లో పెట్టు నాన్నా, ఫాస్ట్‌గా అర్థమవుతుంది” అన్నాడు. వీడు పుట్టింది అమలాపురంలో, డాలస్‌లో కాదు. థియేటర్లో ఆ రోజు గొడవ లేకపోతే వాడికి తెలుగులోనే ఎక్కేదేమో అని నాకు ఇప్పటికీ కడుపుమంట. పిల్లల కోసం తెలుగు చేశారనుకుని వెళ్లాను. అక్కడ మాత్రం అది పెద్దల పండగ.

బెజవాడ బాబు భక్తుడు:
ఈ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మా పాపదీ ఇంగ్లిష్ మీడియమే. అయినా రెండు గంటలు కదలకుండా తెలుగు వింది. మహేష్ పేరు లేకపోతే మా ఊళ్లో తెలుగు షోలు అన్ని పడేవా? నేను తీసుకెళ్లేవాణ్ణా? హీరో లేకపోతే మీకు తిట్టడానికైనా తెలుగు ట్రాక్ ఉండేది కాదు.

కోనసీమ కాకి:
మిమ్మల్ని హాలుకి తెచ్చింది హీరో, ఒప్పుకుంటా. పాపని కూర్చోబెట్టింది కూడా ఆయనేనా?

బెజవాడ బాబు భక్తుడు:
(రెండు రోజుల తర్వాత) అడిగాను. దానికి మహేష్ తెలీదట, నా ఫోన్ వాల్‌పేపర్ తప్ప. దానికి నచ్చింది టాకా. “పాపం నాన్నా, కాపాడింది వాడే కదా, చివరికి వాణ్ణెవరూ పట్టించుకోలేదు” అంది. నిన్న బడికెళ్తూ కూడా టాకాలాగే మాట్లాడింది, తెలుగులోనే.

మైకు ముందు:
టాకాకి చెప్పింది సత్యదేవ్. ఆయనా హీరోయే. అయితే ఆ గొంతు రాగానే మా హాల్లో ఎవరూ ఈల వెయ్యలేదు, అందుకే ప్రతి మాటా వినపడింది.