నేమ్డ్ పైపుకి ఎంకేఫైఫో రాస్తే మార్కులు కొయ్యొచ్చా?

గంటస్తంభం (విజయనగరం):
అందరికీ నమస్కారం. సీఎస్‌ఈ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఎగ్జామ్‌లో నాకొచ్చిన ప్రశ్న ఇది: సిస్టమ్ కాల్స్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌ని నేరుగా పని అడిగే పిలుపులు) వాడి సీలో నేమ్డ్ పైపు (రెండు ప్రోగ్రాంలు మాట్లాడుకోవడానికి వాడే ప్రత్యేకమైన ఫైలు) సృష్టించి, రెండు ప్రోగ్రాంల మధ్య మెసేజ్ పంపాలి. ఎంకేఫైఫో (mkfifo) ఫంక్షన్‌తో రాసి, రెండు టెర్మినల్స్‌లో రన్ చేసి చూపించాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు మాత్రం అది లైబ్రరీ ఫంక్షన్ (కెర్నల్‌ది కాక సీ లైబ్రరీ ఇచ్చేది), ఎంకెనాడ్ (mknod) రాయాల్సింది అని సగం మార్కులు కోసేశారు. క్లాసంతా రెండు వర్గాలైపోయింది. మీరేమంటారు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ఏళ్లుగా ఈ ల్యాబ్ చెప్తున్నవాడిగా అంటున్నాను బాబూ, ఎగ్జామినర్ గారి మాటలో తప్పు లేదు. లినక్స్ మాన్యువల్‌లో ఎంకెనాడ్ రెండో సెక్షన్‌లో ఉంటుంది, ఎంకేఫైఫో మూడో సెక్షన్‌లో ఉంటుంది. రెండోది సిస్టమ్ కాల్స్‌ది, మూడోది లైబ్రరీ ఫంక్షన్లది. ఇంకో సంగతి. ఎంకెనాడ్ రాసేవాడు పర్మిషన్లతో పాటు ఎస్-ఐఫైఫో ఫ్లాగు (ఇది పైపు అని చెప్పే గుర్తు) కూడా కలిపి ఇవ్వాలి. అలా రాస్తేనే, మామూలు ఫైలు, డివైస్ ఫైలు ఉన్నట్టే పైపు కూడా ఒక రకం ఫైలేనని పిల్లలకి ఎక్కుతుంది. ఎంకేఫైఫో దాన్ని కనబడనివ్వదు.

బొబ్బిలి వీణ:
మాస్టారూ, సెక్షన్ల గురించి మీరు చెప్పింది నిజమే. కానీ అదే కొలత ప్రోగ్రాం మొత్తానికీ పెట్టి చూడండి. ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) కింద రన్ చేస్తే, మనం ఓపెన్ అని రాసినచోట కెర్నల్‌కి వెళ్లేది ఓపెన్‌ఎట్. కొత్త ప్రాసెస్ పుట్టించడానికి ఫోర్క్ అని రాస్తే వెళ్లేది క్లోన్. కొత్త గ్లిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) అయితే ఎంకెనాడ్ రాసినా, ఎంకేఫైఫో రాసినా, రెండూ ఒకే ఎంకెనాడ్‌ఎట్ కాల్‌గా లోపలికి వెళ్తాయి. కెర్నల్‌కి తేడా తెలియని చోట ఈ అబ్బాయికి సగం మార్కులు పోయాయి!

పైగా ఇదే ప్రోగ్రాం మ్యాక్‌లోనో ఫ్రీబీఎస్‌డీలోనో రాసి ఉంటే, అక్కడ ఎంకేఫైఫో సొంతంగా సిస్టమ్ కాలే, మాన్యువల్‌లోనూ రెండో సెక్షన్‌లోనే ఉంటుంది. యూనిక్స్ తరహా సిస్టమ్స్‌కి ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణమైతే సిస్టమ్ కాల్, లైబ్రరీ ఫంక్షన్ అన్న విభజనే చెయ్యదు. పైపు చెయ్యడానికి ఎంకెనాడ్ కంటే ఎంకేఫైఫోనే వాడమంటుంది.

నేను ఉద్యోగంలో రోజూ ఈ పైపులతోనే పని చేస్తాను. ప్రోగ్రాంలు ఆగిపోయేది సృష్టించే లైను దగ్గర కాదు, ఆ తర్వాత. చదవడానికి తెరిచినవాడు, రాసేవాడు వచ్చేదాకా ఓపెన్ దగ్గరే నిలబడిపోతాడు. నాన్‌బ్లాక్ (ఆగకుండా వెంటనే తిరిగి రమ్మనే ఫ్లాగు) పెట్టి రాయడానికి తెరిస్తే, అవతల చదివేవాడు లేకపోతే ఈఎన్‌ఎక్స్‌ఐఓ ఎర్రర్ వస్తుంది. రెండు వైపులా మాట్లాడుకోవడానికి రెండు పైపులు పెట్టి, ఇద్దరూ ముందు చదివే పైపునే తెరిచారంటే అంతే, ఇద్దరూ అలాగే ఉండిపోతారు. ఒక సర్వర్‌కి పది మంది క్లయింట్లు రాస్తున్నప్పుడు, లినక్స్‌లో 4096 బైట్ల లోపు మెసేజ్ ముక్కలవకుండా చేరుతుంది, అది దాటితే ఒకరి మాట మధ్యలో ఇంకొకరిది దూరొచ్చు. ఎగ్జామినర్ గారు ఇవి అడిగి ఉంటే నేను మీ పక్షమే ఉండేదాన్ని.

నాగావళి ఒడ్డు:
ఓపెన్, ఫోర్క్ సంగతి ఒప్పుకుంటానమ్మా. అయినా ఓపెన్‌కి మాన్యువల్ రెండో సెక్షన్ ఇచ్చింది, ఎంకేఫైఫోకి ఇవ్వలేదు. పిల్లలు పరీక్షకి చదివేది ఆ మాన్యువలే. ప్రశ్నలో సిస్టమ్ కాల్ అని స్పష్టంగా ఉన్నప్పుడు కొంత తగ్గించడం న్యాయమే. సగం మాత్రం చాలా ఎక్కువ, వైవాలో ఒక ప్రశ్న అడిగితే సరిపోయేది. గంటస్తంభం, రెండోసారి రన్ చేసినప్పుడు ఏమైంది?

గంటస్తంభం:
ఎంకేఫైఫో మైనస్ ఒకటి ఇచ్చింది మాస్టారూ, ఎర్‌నో ఈఎగ్జిస్ట్, అంటే ఆ పేరుతో ఫైలు ముందే ఉందని. ఆ ఒక్క ఎర్రర్‌ని వదిలేసి ముందుకెళ్లేలా రాశాను, చివర్లో ఆ పైపు ఫైలు తీసేసే అన్‌లింక్ కూడా పెట్టాను. పర్మిషన్ 0666 ఇచ్చినా యూమాస్క్ (కొత్త ఫైళ్లకి కొన్ని పర్మిషన్లు తీసేసే సెట్టింగు) 022 వల్ల 0644 అయిందని కూడా చెప్పాను.

నాగావళి ఒడ్డు:
అంత చెప్పినవాడికి సగం కొయ్యడం అన్యాయం. ఎస్‌ట్రేస్ అవుట్‌పుట్ ప్రింట్ తీసి, మీ హెచ్‌ఓడీ గారికి అర్జీతో పాటు ఇవ్వు.

పలాస:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నాకు రెండూ పని చెయ్యట్లేదు! ఎంకెనాడ్ పెట్టినా ఎంకేఫైఫో పెట్టినా "ఆపరేషన్ నాట్ పెర్మిటెడ్" అంటోంది. సుడో పెట్టి అడ్మిన్‌గా రన్ చేసినా అంతే. రేపే ల్యాబ్, చాలా టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి వీణ:
ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లోంచి రన్ చేస్తున్నావా తమ్ముడూ? పెన్‌డ్రైవ్‌లలో సాధారణంగా ఉండే ఫ్యాట్32 ఫైల్‌సిస్టమ్‌లో పైపు ఫైలుకి చోటు లేదు, రూట్ (అడ్మిన్) అయినా చెయ్యలేడు. పైపు పాత్‌ని టీఎంపీ డైరెక్టరీకి మార్చి చూడు.

పలాస:
పెన్‌డ్రైవే అక్కా. మార్చాను, వచ్చింది. ఎల్ఎస్ మైనస్ ఎల్ (ls -l) కొడితే వరస మొదట్లో పీ అక్షరం కనబడుతోంది.