ఆర్‌ఆర్ లైరే: టెస్ సెక్టర్లు రెండు కలిపితే పల్సేషన్ ఎత్తులో మెట్టు

ఆర్‌ఆర్ లైరే నక్షత్రం పల్సేషన్ (ఉబ్బుతూ కుంచించుకుంటూ వెలుగు మారడం) కాలం 0.5668 రోజులు, బ్లాజ్‌కో మార్పు (ఆ పల్సేషన్ ఎత్తు నెమ్మదిగా పెరిగి తగ్గడం) కాలం సుమారు 39 రోజులు. టెస్ (నాసా అంతరిక్ష దూరదర్శిని) 30 నిమిషాల ఫ్రేములు వాడుతున్నాను. ఒక్క సెక్టర్ (ఆకాశంలో ఒక భాగాన్ని టెస్ ఆపకుండా చూసే వ్యవధి) 27 రోజులే కాబట్టి పౌనఃపున్య పటంలో పల్సేషన్ శిఖరానికి రోజుకు 0.026 ఆవృత్తుల ఎడంలో ఉండే బ్లాజ్‌కో పక్క శిఖరాలు విడిపోవు. అందుకే వరుస సెక్టర్లు రెండు కలిపాను. అతుకు దగ్గర పల్సేషన్ ఎత్తు ఒక్కసారిగా 3 శాతం పెరుగుతోంది.

రెండు సెక్టర్ల ఫ్లక్స్ (అందే కాంతి పరిమాణం) మీడియన్లు సమం చేశాను, పిక్సెల్ మాస్క్ (నక్షత్రం కాంతిని కూడే పిక్సెళ్ల గుంపు) పెంచాను, కక్ష్య చివర చెదిరిన కాంతి ఉన్న ఫ్రేములు తీసేశాను. ఎక్స్‌పోజర్ వల్ల వచ్చే తగ్గుదల (10వ హార్మోనిక్‌కు, అంటే పల్సేషన్ పౌనఃపున్యానికి 10 రెట్లు ఉన్న భాగానికి, దాదాపు 21 శాతం) కూడా సరిచేశాను. మెట్టు కదల్లేదు. ఎత్తుల్నే బలవంతంగా కలిపితే మెట్టు పోతుంది గానీ, దాంతోపాటు బ్లాజ్‌కో కూడా కొంత చెరిగిపోతుంది, అది నాకు పనికిరాదు.

బ్లాజ్‌కో మార్పును ముట్టుకోకుండా రెండు సెక్టర్ల ఫ్లక్స్ స్కేలును దేని ఆధారంగా కలపాలి?