అప్‌డేట్: ల్యాప్‌టాప్‌లో జర్మన్ అక్షరాలు వచ్చేశాయి

పోయిన వారం అడిగాను కదా, జర్మన్ క్లాసు హోంవర్కులో చుక్కల యూ (ü), ఎస్సెట్ (ß అనే అక్షరం) టైప్ చేయలేక చస్తున్నానని, ఆల్ట్ కీ పట్టుకుని చుక్కల యూ కోడ్ 0252 కొడితే ఏమీ రావట్లేదని. మొత్తానికి తేలిపోయింది. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కీబోర్డు బాగానే ఉంది. ఆల్ట్ కోడ్‌లకి కుడిపక్క నంబర్ ప్యాడ్‌లోని అంకెలే పనికొస్తాయట, పై వరసలోవి కావు. నా ల్యాప్‌టాప్‌కి ఆ ప్యాడే లేదు! ఫాంట్లు మార్చడం, డ్రైవర్ మళ్లీ వేయడం అంతా దండగ. రిపేరు షాపతను అయితే కీబోర్డే మార్చాలన్నాడు. నయం, మార్పించలేదు.

పనిచేసిన సలహా: విండోస్ సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ కింద 'యునైటెడ్ స్టేట్స్-ఇంటర్నేషనల్' కీబోర్డు కలుపుకోవడం. కుడివైపు ఆల్ట్ పట్టుకుని వై నొక్కితే చుక్కల యూ, పీకి చుక్కల ఓ, క్యూకి చుక్కల ఏ, ఎస్‌కి ఎస్సెట్ వస్తాయి.

ఒక్కటే చికాకు. డబుల్ కొటేషన్ గుర్తు కొట్టగానే పడదు, వెంటనే స్పేస్ నొక్కాలి. లేకపోతే తర్వాత కొట్టిన అచ్చు నెత్తిన రెండు చుక్కలై కూర్చుంటుంది. మొదటిరోజు ఆఫీసు మెయిల్‌లో నాకు అదే జరిగింది. అందుకే మామూలు పనికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి పాత కీబోర్డుకి వచ్చేస్తున్నాను.