అప్‌డేట్: నూలు సప్లయర్‌ను మార్చాలా అని అడిగాను కదా

మాది నారాయణపేట, కాటన్ చీరలు నేయిస్తాం. పాతాయన ధర ఎక్కువ, కొత్తాయన తక్కువకు ఇస్తానంటున్నాడు, మారాలా అని అడిగాను. పూర్తిగా మారలేదు.

కొత్తాయన దగ్గర కొంచెం తెప్పించాం. నూలు గట్టిదే. కానీ రెండో లాటు మెరూన్ మొదటిదానితో కలవలేదు. గళ్ల చీరలో ఆ తేడా దాగదు, మగ్గం మీదే తెలిసిపోయింది. పైగా కొత్తాయనకు ముందే క్యాష్ కట్టాలి. పాతాయనకు చీరలు అమ్ముడయ్యాక కడతాం. ముందే కట్టే డబ్బుకు వడ్డీ లెక్కేస్తే ధరలో లాభం దాదాపు పోయింది (ఈ లెక్క వేయమన్న అన్నకు థాంక్స్). అందుకే రంగు నూలు పాతాయన దగ్గరే, తెల్ల నూలు మాత్రం కొత్తాయన దగ్గర.

ఆడిటర్ ఇంకోటి చెప్పారు. ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో కట్టాలి. ఆ గడువు దాటితే, కట్టిన ఏడాదే ఆ ఖర్చు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలోకి వస్తుంది. ట్రేడర్లకు ఇది వర్తించదట. పాతాయన ట్రేడరే, ఆ టెన్షన్ లేదు.