ఉచిత ఆపరేషన్ల ఓడలో పనిచేయడానికి ఆఫ్రికా వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా?

గౌతమి_సిస్టర్
నమస్తే అండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. కాకినాడలో సర్జికల్ వార్డులో తొమ్మిదేళ్ళుగా స్టాఫ్ నర్సుని. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ అనే సంస్థ ఓడలనే ఆసుపత్రులుగా నడుపుతూ ఆఫ్రికా రేవుల్లో ఉచితంగా ఆపరేషన్లు చేస్తోంది. గ్రహణం మొర్రి, కణితులు, నిప్పుకి కాలి ముడుచుకుపోయిన చేతులు, కంటి శుక్లాలు. వార్డు నర్సుగా మూడు నెలలకి దరఖాస్తు పెట్టాను. జీతం ఉండదు, టికెట్టు ఖర్చు మనమే పెట్టుకోవాలి. సర్జన్లకైనా అంతే. ఇంట్లో ఒప్పుకున్నారు. వార్డులో మాత్రం "మన దగ్గరే నర్సులు చాలటం లేదు, నువ్వు ఎక్కడికి?" అని ముఖం మీదే అంటున్నారు. మీరు ఏమంటారు?

వశిష్ఠ_పాయ
టికెట్ ఎంత సిస్టర్?

గౌతమి_సిస్టర్
రానూపోనూ లక్ష దాటేలా ఉందండి. ఎల్లో ఫీవర్ టీకా, వీసా ఖర్చులు వేరే.

వశిష్ఠ_పాయ
ఆ లక్ష విమానం కంపెనీకి పోతుంది. గోదావరి మధ్య మా లంక ఊళ్ళో కళ్ళు కనపడక అరుగు మీదే కూర్చునే ముసలివాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, పెద్ద ఆపరేషన్లకి డబ్బు బాధ చాలావరకు తగ్గింది. తగ్గనిది ఏమిటంటే, ఆ ముసలమ్మని పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించి ఊరు దాటించే మనిషి లేకపోవడం. ఆ లక్షతో ఒక ఆటో ఏడాదంతా తిప్పొచ్చు.

కొబ్బరితోట
కాటన్ దొర తన దేశంలోనే ఉండిపోతే 1852కి ధవళేశ్వరం ఆనకట్ట లేచేదా? వెళ్ళనివ్వండి ఆవిడని.

వశిష్ఠ_పాయ
కాటన్ దొర మూడు నెలల సెలవు మీద రాలేదండి.

మత్తుడాక్టర్_రామచంద్రపురం
నేను అనస్థీషియా చేస్తాను, ఇలాంటి బృందాలతో రెండుసార్లు బయటి దేశాలకి వెళ్ళొచ్చాను. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

లాన్సెట్ అనే వైద్య పత్రిక సర్జరీ మీద వేసిన కమిషన్ 2015లో ఒక లెక్క ఇచ్చింది. అవసరమైనప్పుడు సురక్షితమైన, భరించగలిగే ఆపరేషన్ అందనివాళ్ళు ప్రపంచంలో 500 కోట్ల మంది. ఏటా ఇంకా 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలి. అందులో మన దేశం వాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ రాత్రి పూట కాన్పు కష్టమైతే రామచంద్రపురం నుంచి కాకినాడకి గంటలో చేరతాం. ఆ దేశాల్లో చాలాచోట్ల రోజంతా నడిచినా మత్తు ఇచ్చే డాక్టరు దొరకడు. పెదవి చీలి పుట్టిన పిల్లకి మన దగ్గర నాలుగైదు నెలలకే కుట్టేస్తారు. అక్కడ ఇరవై ఏళ్ళు వచ్చాక, ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చిన అమ్మాయిని నేను చూశాను.

లక్ష, లక్ష అని పట్టుకోకండి. తొమ్మిదేళ్ళ వార్డు అనుభవాన్ని ఆటో బాడుగతో లెక్కేస్తారా?

యానాం_రేవు
ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళనీ చూశాం.

గౌతమి_సిస్టర్
నేను ఫొటోల కోసం వెళ్ళటం లేదండి.

పాత_లెక్కల_మాస్టారు
అమ్మాయీ, గుంటూరుకి 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి కట్టించి, 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. బయటివాళ్ళు చేసిన మేలు మనం మరిచిపోకూడదు. అయితే ఆవిడ ఉండిపోయారు. నా సందేహమల్లా అక్కడే.

వశిష్ఠ_పాయ
మాస్టారూ, నేను అంటున్నదీ అదే. డాక్టరు గారూ, లెక్క మీరు తప్పించుకుంటున్నారు. లక్ష అంటే లక్షే.

మత్తుడాక్టర్_రామచంద్రపురం
తప్పించుకోవటం లేదు. మూడు నెలలకి వచ్చినా, మూడు రోజులకి వచ్చినా, ఏమీ లేకపోవడం కంటే నయం. ఇంట్లో కూర్చుని వద్దనడం తేలిక.

వశిష్ఠ_పాయ
నయమా?

మా ఊరి బడిలో కంటి శిబిరం పెట్టారు. బయటి దేశం నుంచి డాక్టర్లు వచ్చారు. మా అమ్మకి కుడికన్ను అప్పటికే మసక, ఎడమకంటికి శుక్లం తీశారు. మర్నాడు కట్టు విప్పితే నా ముఖం చూసి "గడ్డం నెరిసిందిరా" అంది. ఆ సాయంత్రమే వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. మూడో రోజు రాత్రి కన్ను ఎర్రబడింది, నొప్పికి తల గోడకేసి కొట్టుకుంది. కార్డు మీద ఉన్న నంబరుకి చేస్తూనే ఉన్నాను, ఒక్కరూ ఎత్తలేదు. రాత్రి పంటు లేదు. తెల్లారి దాటించి తీసుకెళ్ళేసరికి లోపలంతా చీము పట్టిందన్నారు. కన్ను తీసేశారు. పదకొండేళ్ళు నేను చెయ్యి పట్టుకుని నడిపించాను.

ఇంట్లో కూర్చున్నానా నేను? మీ చివరి రోజు పేషెంట్లు ఏమయ్యారో మీకు తెలుసా డాక్టరు గారూ?

కొబ్బరితోట
అయ్యో. క్షమించండి అన్నగారూ.

మత్తుడాక్టర్_రామచంద్రపురం
తెలియదు. మొదటిసారి వెళ్ళింది ఎనిమిది రోజులకే, ఆఖరి సాయంత్రం దాకా టేబుల్ ఖాళీ కాలేదు. ఆ రోజు కాలిన మెడ విడదీసి చర్మం వేసిన ఒక పిల్లాడున్నాడు. అలాంటివాళ్ళకి నెలల తరబడి స్ప్లింట్ (కదలకుండా పట్టి ఉంచే బద్ద) కట్టాలి, వ్యాయామం చేయించాలి, లేకపోతే మళ్ళీ ముడుచుకుపోతుంది. ఎవరు చేయించారో నేను అడగలేదు. నయం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గౌతమి_సిస్టర్
వశిష్ఠ గారూ, ఇప్పటిదాకా మీరు టికెట్ గురించి అడుగుతుంటే, వార్డులో వాళ్ళలాగే మీకూ నేను వెళ్ళడమే ఇష్టం లేదనుకున్నాను. అమ్మగారి విషయం చదివాక అర్థమైంది.

నేను కత్తి పట్టేదాన్ని కాదండి. నా పని ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది, కట్లు మార్చడం, జ్వరం చూడటం, తల్లికి పాలు పట్టే పద్ధతి నేర్పడం. ఓడ ఒక్కో రేవులో సుమారు పది నెలలు ఉంటుంది. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఆపరేషన్ తర్వాత ఒడ్డు మీద ఉండటానికి బస ఇస్తారు. అందుకే ఎనిమిది రోజుల శిబిరం కాకుండా దీన్ని ఎంచుకున్నాను. ఓడ రేవు వదిలాక కట్టు ఎవరు చూస్తారు, నా పక్కన అక్కడి నర్సులు ఎంతమంది పనిచేస్తారు అనేది మాత్రం నేను అడగలేదు. ఈ రాత్రే మెయిల్ పెడతాను.

పాత_లెక్కల_మాస్టారు
జవాబు వస్తే ఇక్కడే పెట్టమ్మా.

వశిష్ఠ_పాయ
అడిగేటప్పుడు ఇది కూడా అడగండి సిస్టర్. ఇంటికి పంపాక రాత్రి పూట ఫోన్ ఎత్తే మనిషి ఎవరు, ఆ మనిషికి వాళ్ళ భాష వచ్చా.

టికెట్ విషయంలో నా మాట మారలేదు.

గౌతమి_సిస్టర్
మారక్కర్లేదండి. వచ్చాక మీ లంకకి ఒకసారి వస్తాను. ఆ అరుగుల మీద వాళ్ళని చూపించండి, ఆదివారాలు నాకు సెలవే.

వశిష్ఠ_పాయ
ఆరింటి పంటుకి రండి. ఎండెక్కితే వాళ్ళు బయటికి రారు.